ముందు అద్దం తుడిచి బండి తీయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను విజయనగరంలో ఉంటున్నాను. 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, ఎక్కడ ఆపాలో తెలియక పొడుగ్గానే రాశాను, చోటు చాలకపోతే మీకు వీలైనంత తగ్గించుకోండి, కానీ అద్దానికి లోపలి మంచు ఏది, బయటి మంచు ఏది అని రాసిన ముక్క మాత్రం ఉంచండి. ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం.

పోయిన సంక్రాంతికి మా వీధి కుర్రాడొకడు హైదరాబాద్ నుంచి సొంత కారులో భార్యని, ఇద్దరు పిల్లల్ని, తల్లిని ఎక్కించుకుని రాత్రిపూట బయల్దేరాడు. ముందు అత్తవారి ఊరు వెళ్లి భోగి అక్కడ చేసుకుని, కనుమకి ఇక్కడికి రావాలని అనుకున్నారు. ఏడు వందల కిలోమీటర్లకు పైగా దారి. తెల్లవారుజామున నరసన్నపేట దాటాక హైవే దిగి పల్లెలోకి తిరిగే రోడ్డులో, సైకిల్‌కి పాల క్యాన్లు కట్టుకుని వెళ్తున్న ఒక పెద్దాయనని గుద్దేశాడు. ప్రాణం దక్కింది. కాలు విరిగింది, రాడ్డు వేశారు. కుర్రాడు పారిపోలేదు, తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు, ఖర్చంతా పెట్టుకున్నాడు, ఇప్పటికీ ఆ పెద్దాయనకి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతూ ఉంటాడు. మంచివాడు. విన్నవాళ్లందరూ అన్నమాట ఒక్కటే, మంచు అంత దట్టంగా ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు అని.

కనుమ నాడు ఆ కారు వాళ్లింటి ముందు ఉంటే వెళ్లి చూశాను. దెబ్బ తిన్న బండి కనబడితే చుట్టూ ఒకసారి తిరిగి చూడటం నాకు సర్వీసులో ఉన్నప్పటి నుంచీ అలవాటు. సొట్ట పడిన బంపర్ కంటే ముందు నా కన్ను అద్దం మీద పడింది. స్టీరింగ్‌కి ఎదురుగా, లోపలి వైపు, అరచేత్తో గుండ్రంగా తుడిచిన మరకలు, ఒకదాని మీద ఒకటి నాలుగైదు ఉన్నాయి. మిగతా అద్దమంతా పలచగా జిడ్డు పొర. ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను.

"బాబూ, రాత్రి ఏసీ వేశావా?"

"చలిలో ఏసీ ఎవరు వేస్తారు బాబాయ్, పిల్లలకి జలుబు. అద్దాలన్నీ ఎక్కించేసుకుని వచ్చాం."

"మరి ముందు అద్దం మసకబారితే ఏం చేశావు?"

"వైపర్ వేశాను. ఎంత వేసినా పోలేదు. మంచు అలా ఉంది మరి."

అప్పుడు నాకు విషయం అర్థమైంది, అతనికి చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది. ఐదుగురు మనుషులు, తలుపులు బిగించిన కారు, రాత్రంతా వాళ్లు వదిలిన ఊపిరి ఎక్కడికి పోతుంది? చల్లటి అద్దానికి తగిలి నీటి పొరగా మారి అక్కడే ఉండిపోతుంది. పైగా దుమ్ము రాకూడదని, బయటి గాలి లోపలికి రానివ్వని బటన్ కూడా నొక్కే ఉంచాడట. మసక లోపల, వైపర్ బయట. గంటల తరబడి ఆ వైపర్ బయట శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడుస్తూనే ఉంది, అతను అరచేతి వెడల్పు కంతలోంచి రోడ్డు చూస్తూ వచ్చాడు. రోడ్డు మీద మంచు లేదని నేను అనను, ఉంది. కానీ ఆ పెద్దాయన ఎడమ పక్క నుంచి వస్తున్నాడు, ఆ కంత కుడి పక్కన ఉంది.

దీనికి మన భాషలో ఒక ఇబ్బంది ఉందని నాకనిపిస్తుంది. మనం అన్నిటినీ మంచు అనే అంటాం. పొలం మీద కమ్ముకున్నదీ మంచే, గడ్డి మీద పడిందీ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టిందీ మంచే, కారు అద్దం మీద మన ఊపిరి పేరుకుంటే దాన్నీ మంచు పట్టింది అనే అంటాం. అన్నిటికీ ఒకే మాట కావడంతో అన్నీ దేవుడు కురిపించినట్టే, మన చేతిలో ఏమీ లేనట్టే అనిపిస్తుంది. రోడ్డు మీద మంచుని మీరూ నేనూ ఏమీ చేయలేం, నెమ్మదిగా పోవడం తప్ప. అద్దం మీది మంచు మాత్రం రెండు మూడు నిమిషాల్లో పోతుంది.

ముందు అది లోపల ఉందో బయట ఉందో తెలుసుకోవాలి. వేలితో లోపల ఒక గీత గీయండి. గీత పడి అవతల స్పష్టంగా కనబడితే మసక లోపల ఉన్నట్టు. గీత పడకపోతే వైపర్ ఒక్కసారి వేయండి, తేడా వెంటనే తెలుస్తుంది. లోపలి మసకకి మందు ఏసీ. చలిగా ఉంటే వేడి వైపు తిప్పుకోండి, కానీ ఏసీ బటన్ ఆన్‌లోనే ఉండాలి. ఏసీ అంటే చల్లదనమే కాదు, అది గాలిలో తడిని లాగేస్తుంది. ఎండాకాలం కారు కింద బొట్లు బొట్లుగా కారే నీళ్లు అవే కదా, మీ కారులో గాలిలోంచి పిండిన నీళ్లు. వేడి గాలి అద్దానికి తగిలేట్టు పెట్టండి, అద్దం బొమ్మ మీద పైకి వంకర బాణాలు ఉండే బటన్ అది, ప్రతి కారులో ఉంటుంది. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఉంటుంది చూడండి, అది ఆపేయండి, బయటి గాలి రావాలి. కారుకి ఏసీ లేకపోతే, పాడైపోతే, పక్క అద్దాలు రెండు వైపులా రెండేసి వేళ్ల మందం దించండి. చలేస్తుంది, నిజమే. పిల్లలకి దుప్పటి కప్పండి.

బయటి మసక దీనికి పూర్తిగా ఉల్టా. మన కోస్తాలో గాలికి తడి ఎక్కువ. కొందరు అద్దం మసకబారగానే ఏసీ పూర్తి చల్లదనంలో పెట్టి అద్దం మీదికి కొట్టిస్తారు. లోపలి మసక పోతుంది గానీ కాసేపటికి అద్దం మరీ చల్లబడి, బయటి గాలిలో తడి వచ్చి బయటి వైపు పట్టుకుంటుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమర్చినట్టే. అప్పుడు గుడ్డ పెట్టి లోపల ఎంత రుద్దినా లాభం ఉండదు. వైపర్ వేసి, ఏసీని కాస్త వేడి వైపు జరిపితే సరిపోతుంది. ఈ రెండిటికీ తేడా తెలియక రోడ్డు మీద అవస్థ పడేవాళ్లని నేను ఎంతమందిని చూశానో చెప్పలేను.

ఇంతా చెప్పి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. 1990ల్లో ఒక డిసెంబరు నెల, తెల్లవారుజాము సర్వీసు, చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లే రోడ్డు. బస్సు నిండా జనం, చలికి కిటికీలన్నీ మూసేశారు, తడి గొడుగులూ తడి చెప్పులూ లేకపోయినా యాభై అరవై మంది ఊపిరి చాలదా. అప్పట్లో ఏసీలు లేవు, బ్లోయర్లు లేవు, డ్రైవర్ దగ్గర ఉండేది ఒక పాత బనీను ముక్క. టైముకి చేరాలన్న టెన్షన్‌లో నేనూ ఎదురుగా జానెడు మేర తుడుచుకుని పోతున్నాను. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద చెరకు నాటుబళ్లు బారులు బారులుగా వెళ్లేవి, బండికి వెనక దీపం ఉండేది కాదు, బండి తోలేవాళ్లు గొంగళి కప్పుకుని చెరకు మీదే కునుకు తీసేవాళ్లు, ఎడ్లకి దారి తెలుసు కాబట్టి వాటి పాటికి అవి పోయేవి. ఒక బండి నా ఎడమ పక్క ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. కండక్టర్ అరిచాడు. అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు కాబట్టి అతనికి కనబడింది. బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు ఆగిన చోట నుంచి ఆ చెరకు చివర్లు చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. బండి మీద మనిషికి మెలకువ కూడా రాలేదు. ఎడ్లు ఆగలేదు. ఆ మనిషికి తన ప్రాణం మీదికి ఏం వచ్చి పోయిందో ఇప్పటికీ తెలిసి ఉండదు.

కాళ్లు వణికిపోయాయి. బస్సు పక్కకి తీసి, కిటికీలు తెరిపించి, అద్దం మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచాను. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ జనం నన్ను తిట్టారు, ఒకాయన కోర్టు వాయిదా ఉందని, ఒకామె పరీక్ష ఉందని. వాళ్లని ఏమనను, వాళ్లకి ఆ బండి కనబడలేదు కదా. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా అద్దం మసకగా ఉంటే నేను గేరు వేయలేదు. సంచిలో రెండు గుడ్డలు, ఒకటి తడిది ఒకటి పొడిది, ఒక సబ్బు ముక్క ఎప్పుడూ ఉండేవి. సబ్బుని పొడిగా అద్దం లోపల రుద్ది, పొడి గుడ్డతో కనబడకుండా పోయేదాకా తుడిస్తే మసక తొందరగా పట్టదు, పట్టినా బొట్లు బొట్లుగా కాకుండా పలచటి పొరలా పరుచుకుంటుంది కాబట్టి అవతల కనబడుతుంది. వాన రోజుల్లో లారీల వాళ్లు బయటి వైపు పొగాకు రుద్దేవాళ్లు, నేనూ రుద్దాను.

ఇక గడ్డకట్టిన మంచు సంగతి. మా అమ్మాయి, అల్లుడు కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో ఉంటారు. రిటైరయ్యాక ఒక చలికాలం అక్కడున్నాను. డిసెంబరు చివర్లో అక్కడ సూర్యుడు వచ్చేసరికి ఉదయం తొమ్మిది కావస్తుంది, మైనస్ 20, మైనస్ 25 చలి అక్కడ మామూలు. కార్లకి ముందు వైపు కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది, రాత్రి ఇంజిన్ బిగుసుకుపోకుండా దాన్ని కరెంటుకి తగిలించి పడుకుంటారు. అల్లుడు చీకట్లోనే ఆఫీసుకి వెళ్లాలి. ఖాళీగా కూర్చోలేక కారు అద్దం పని నేను తీసుకున్నాను, అతను వద్దన్నా.

ఆ పని ఒక పద్ధతిగా నేర్పించాడు. ముందు కారు స్టార్ట్ చేసి వేడి గాలి అద్దం మీదికి పెట్టాలి, వెనక అద్దంలో సన్నటి తీగలు ఉంటాయి, వాటికీ స్విచ్ వేయాలి. షెడ్డులో తలుపు మూసి మాత్రం ఎప్పుడూ స్టార్ట్ చేయకూడదు, ఆ పొగకి వాసన తెలియకుండానే మనుషులు పోతారు. తర్వాత బ్రష్షు పెట్టి కారు పైకప్పు మీది మంచంతా దులపాలి. పైకప్పు ఎందుకు బాబూ, అటు చూడం కదా అన్నాను మొదటి రోజు. బ్రేకు వేస్తే అదంతా జారి అద్దం మీద పడుతుంది మావయ్యా, వెనక వచ్చేవాడి మీదికైనా ఎగురుతుంది అన్నాడు. ఆ తర్వాత గట్టి ప్లాస్టిక్ గోకుడు కర్రతో అద్దం మీద గడ్డ గీకాలి, ముందు అంచులు, తర్వాత మధ్య. ఇనుప వస్తువు ఏదీ తగలకూడదు, గీతలు పడి అవి ఎదుటి బండి లైటుకి మెరుస్తాయి. వైపర్లని చేత్తో మెల్లగా ఊడదీయాలి, అద్దానికి అతుక్కుని ఉండగా స్విచ్ వేస్తే రబ్బరు చిరుగుతుంది, ఒక్కోసారి మోటారే కాలిపోతుంది. చివర్లో ముందు లైట్లు, వెనక లైట్లు, నంబరు ప్లేటు. స్పిరిట్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసి ఉంచుకుంటారు, స్పిరిట్ అంత చలికి కూడా గడ్డకట్టదు కాబట్టి అది కొడితే గడ్డ వదులవుతుంది. అద్దం కడిగే నీళ్లు కూడా అక్కడ మామూలు నీళ్లు కావు, మైనస్ 40కి కూడా గట్టిపడని నీలం రంగు మందు, అది విషం, పిల్లలకి అందకుండా పెడతారు.

ఎంత తొందరున్నా ఆ ఊళ్లో మా అల్లుడు, అతని ఇరుగుపొరుగు, అద్దం పూర్తిగా కనబడేదాకా కదలరు. కంత చేసుకుని నడిపితే పోలీసు ఆపి ఫైను వేస్తాడు. ఇంగ్లండులో ఉండే మా మేనల్లుడిని అడిగితే అక్కడ హైవే కోడ్‌లో 229వ నియమం ఇదేనన్నాడు, బయల్దేరే ముందు అన్ని అద్దాల మీద మంచూ గడ్డా తీసేయాలని, లైట్లు శుభ్రంగా ఉండాలని. అక్కడివాళ్లు మనకంటే బుద్ధిమంతులని నేను అనను. గడ్డ కంటికి తెల్లగా గోడలా కనబడుతుంది, తీయకుండా నడపడానికి లేదు. మన మసక పలచగా ఉంటుంది, నడపగలం అనిపిస్తుంది. మనకి అపాయం అక్కడే.

ఇంకొకటి అక్కడ గమనించాను. మబ్బు పట్టిన రాత్రుల కన్నా ఆకాశం తేటగా ఉన్న రాత్రులే అద్దం మీద గడ్డ ఎక్కువ కట్టేది. అద్దం తన వేడిని రాత్రంతా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ గాలి కంటే ఎక్కువ చల్లబడిపోతుందని మా అల్లుడు చెప్పాడు. గాలి సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా అద్దం మీద గడ్డ కట్టడానికి కారణం అదేనట. ఇక్కడికొచ్చాక చూసుకున్నాను, మా ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టిన బండి మీద మంచు తక్కువ, వీధిలో బయట పెట్టిన బండి కారిపోతూ ఉంటుంది. చెట్టు కిందో, పందిరి కిందో పెట్టుకోగలిగితే పొద్దున పని సగం తగ్గినట్టే. చోటు లేకపోతే రాత్రి అద్దం మీద ఒక అట్టపెట్టె విప్పి పరిచి వైపర్లు దాని మీద ఆనించండి.

మన దగ్గర గడ్డ ఎక్కడుంటుంది అంటారేమో. ఇక్కడి నుంచి కార్లు వేసుకుని లంబసింగి వెళ్లేవాళ్లు ఏటా పెరుగుతున్నారు, అక్కడ కొన్ని రాత్రులు సున్నా దగ్గరకి పోతుంది. మా పిల్లలతో వెళ్లినప్పుడు, తెల్లారగట్ల ఒక కుర్రాడు కారు అద్దం మీద తెల్లగా పేరుకున్న పొర చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నాడు, తర్వాత టీ కొట్టు నుంచి మరిగిన నీళ్లు చెంబుతో తెచ్చి దాని మీద పోశాడు. టప్‌మని ఒక్క చప్పుడు, పగులు ఈ మూల నుంచి ఆ మూలకి పాకింది. ముందు అద్దం రెండు గాజు పలకలు, మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర. చల్లగా బిగుసుకున్న గాజు మీద మరిగే నీళ్లు పడితే పడినచోట ఒక్కసారిగా సాగుతుంది, పక్కనున్నది సాగదు, ఇంకేముంది. ఆ పగులు అద్దంతోనే ఘాట్ దిగారు. అక్కడి పలచటి పొరకి మామూలు కుళాయి నీళ్లు, ఒక పాత ఏటీఎం కార్డు అంచు చాలు. ఎడ్మంటన్‌లో అయితే అదే నీళ్లు పోసీ పోయకముందే గడ్డకడతాయి, అక్కడ ఏ నీళ్లూ పనికిరావు. శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లేవాళ్లు కూడా ఘాట్ ఎక్కేముందు కింద ఆగి అద్దం ఒకసారి లోపలా బయటా తుడుచుకోండి, పైకి పోయేకొద్దీ చల్లబడి మలుపు మధ్యలో మసకబారుతుంది, అక్కడ ఆపడానికి చోటుండదు.

అద్దం లోపలి జిడ్డు గురించి కూడా చెప్పాలి. ట్యాక్సీల్లో, సొంత కార్లలో కూడా డాష్‌బోర్డు మీద దేవుడికి అగరొత్తి వెలిగిస్తారు. భక్తి మంచిదే, ఆ పొగ మాత్రం రోజూ అద్దానికి పట్టి పొర కడుతుంది, ఆ పొర మీద తడి ఇట్టే పట్టుకుంటుంది, ఎదురు బండి లైటు పడితే అద్దమంతా తెల్లగా పరుచుకుంటుంది. వారానికి ఒకసారైనా లోపలి అద్దం తుడవండి. అరచేత్తో వద్దు, చేతి జిడ్డు ఇంకా అంటుకుంటుంది. అన్నిటికన్నా మంచిది పాత న్యూస్ పేపరు. తడిపి పిండి ఒకసారి, పొడి కాగితంతో ఇంకోసారి. నూలు పోగులు అంటుకోవు, గీతలు పడవు. నా సర్వీసంతా మీలాంటి పేపర్లతోనే తుడిచాను.

ఆ వేళకి మన రోడ్ల మీద ఎవరుంటారో ఒకసారి తలుచుకోండి. ధనుర్మాసం అంటే తెల్లారకముందే వీధిలో ఆడపిల్లలు వంగుని ముగ్గులు పెడుతుంటారు, గొబ్బెమ్మలు సర్దుతుంటారు. గుడికి వెళ్లే ముసలమ్మలు శాలువా కప్పుకుని రోడ్డు వారగా నడుస్తారు. పాలవాళ్లు, కూరగాయల తట్టలవాళ్లు, పేపరు వేసే పిల్లలు, మీ పేపరు వేసే పిల్లలు కూడా. భోగి నాడు రోడ్డు మీదే మంట చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. ఆ తర్వాత రథసప్తమికి అరసవల్లి వైపు అర్ధరాత్రి నుంచే జనం. వీళ్లలో ఒక్కరికీ లైటు ఉండదు, మెరిసే చొక్కా ఉండదు. 60 వేగంలో పోయే కారు సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది. మీరు గుడ్డ అందుకుని అద్దం తుడిచే మూడు సెకన్లలో యాభై మీటర్లు చూడకుండా పోయినట్టు. ఆ యాభై మీటర్లలో ఎన్ని ముగ్గులుంటాయి?

బండిలో కూర్చున్నవాళ్లకి కూడా ఒక మాట. అల్లుడు ఒకసారి చెప్పాడు, ఈ వైపర్‌కి అమెరికాలో 1903లో పేటెంట్ తీసుకున్నది మేరీ ఆండర్సన్ అనే ఒకావిడ. న్యూయార్క్‌లో ట్రామ్ ఎక్కితే, మంచు పడుతుంటే డ్రైవర్ పాపం చలిలో అద్దం తెరుచుకుని చూస్తూ నడుపుతున్నాడట, అది చూసి ఆవిడకి ఆలోచన వచ్చింది. ఆవిడ డ్రైవర్ కాదు, ప్రయాణికురాలు. ఆ రోజు నా బస్సులో కూడా ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ఒక్కరైనా, డ్రైవర్ గారూ అద్దం కనబడటం లేదు, ఆపి తుడుచుకోండి అని ఉంటే ఆ చెరకు బండి దాకా వెళ్లేవాణ్ణి కాదు. అత్తగారైనా సరే, పదేళ్ల పిల్లాడైనా సరే, అద్దం మసకగా ఉంటే చెప్పండి. నడిపేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అధికారులకి నా విన్నపం చిన్నదే. హైవే మీద పోలీసులు రాత్రిపూట బళ్లు ఆపి నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లతో మొహం కడిగిస్తున్నారు, చాలా మంచి పని, ఎంతమందిని కాపాడి ఉంటుందో. ఈ డిసెంబరు, జనవరి నెలల్లో ఆ నీళ్ల డ్రమ్ము పక్కనే రెండు గుడ్డలు కూడా పెట్టండి, మొహంతోపాటు అద్దం కూడా కడిగించండి, లోపల వేలితో గీత గీసి చూపించండి. డ్రైవింగ్ స్కూళ్లవాళ్లు ఎనిమిది వేయడం, రివర్స్ తీయడం నేర్పిస్తున్నారు, ఏసీ బటన్, ఆ గుండ్రటి బాణం బటన్ నేర్పించడానికి ఐదు నిమిషాలు చాలదా? లైసెన్సు పరీక్షలో ఏసీ బటన్ గురించి ఎవరూ అడగరు, అందుకే ఎవరూ నేర్పరు. నేను అడిగి చూశాను, మా వీధిలో కారు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ బాణం గుర్తు దేనికో తెలియదు. చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

స్కూలు వ్యాన్లు నడిపే తమ్ముళ్లకి, ఆటోల తమ్ముళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ బళ్లలో ఏసీలు ఉండవు, పదిహేనుమంది పిల్లలు ఊపిరి వదులుతూ ఉంటారు, మీది నా పాత బస్సు లాంటి పరిస్థితే. సబ్బు ముక్క, రెండు గుడ్డలు, పాత పేపరు పెట్టుకోండి. మొదటి పిల్లవాణ్ణి ఎక్కించుకునే ముందు ఒకసారి, సగం పిల్లలు ఎక్కాక ఒకసారి ఆపి తుడవండి. వైపర్ రబ్బరు గట్టిపడి కీచుమంటుంటే ఈ వారమే మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఆలస్యమైతే తల్లిదండ్రులు అరుస్తారని భయపడకండి. తల్లిదండ్రులారా, డిసెంబరులో వ్యాను ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే దయచేసి డ్రైవర్ మీద అరవకండి.

ఆ నరసన్నపేట పెద్దాయన దగ్గరకి మొన్న ఆ కుర్రాడితో కలిసి నేనూ వెళ్లాను. కర్ర సాయంతో నడుస్తున్నాడు. సైకిల్ తొక్కలేడు, పాలు ఇప్పుడు ఆయన కొడుకు వేస్తున్నాడు, అదే రోడ్డు, అదే వేళ. వస్తూ వస్తూ ఆ సైకిల్ వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టర్ బిగించి వచ్చాం. డిసెంబరు 16 ప్రాంతానికి ధనుర్మాసం వచ్చేస్తుంది. వీలైతే ఈ ఉత్తరం అంతకుముందే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్,
విజయనగరం